మనీలా వెళ్తున్న అమ్మడుకి, నాలుగు తగాలోగ్ మాటలు

అమ్మడూ,

మనీలా ప్రయాణం ఖాయమైందని, ఇంట్లోనే ఉండి పనిచేసే ఆవిడని కూడా మాట్లాడుకున్నారని అమ్మ చెప్పింది. "అక్కడ అందరికీ ఇంగ్లీష్ వచ్చుగా" అన్నావట. వచ్చు. పని చెప్పడానికి అది సరిపోతుంది. ఒంట్లో బాగోలేదనో, ఊళ్ళో పిల్లాడి మీద బెంగగా ఉందనో చెప్పాలంటే మాత్రం ఆవిడకి ఇంగ్లీష్ నోరు తిరగదు. అందుకే కొంచెం తగాలోగ్, అంటే అక్కడి ఫిలిప్పీన్స్ వాళ్ళ భాష, నేర్చుకో. దాన్ని ఇంగ్లీష్‌లోంచి కాదు, తెలుగులోంచి నేర్చుకో.

నేను వెళ్ళిన మొదటి వారం బియ్యం అయిపోతే, డిక్షనరీలో 'రైస్' చూసి "కానిన్" తెమ్మన్నాను. మా ఇంట్లో చేసే ఆవిడ హోటల్ నుంచి వేడివేడి అన్నం పొట్లం తెచ్చింది. నా మొహం చూసి, డబ్బా అడుగున మిగిలిన నాలుగు గింజలు తీసి నా అరచేతిలో పోసి "బిగాస్" అంది. పొట్లం చూపించి "కానిన్" అంది. వడ్లు పాలాయ్, బియ్యం బిగాస్, అన్నం కానిన్. మనకి మూడు మాటలుంటే వాళ్ళకీ మూడే! ఆ రోజే నాకు భయం పోయింది.

మనం, మేము తేడా కూడా వాళ్ళకుంది. "తాయో" అంటే మనం, "కామి" అంటే మేము. అన్నాల వేళ "కుమాయిన్ నా తాయో" అను. మనం తిందాం రండి అని. అక్కడ కామి అన్నావంటే ఆవిడని పక్కన పెట్టినట్టే.

"పో" అనే మాట వినగానే ఉలిక్కిపడకు. "సలామత్ పో" అంటే కృతజ్ఞతలండీ అని. మన 'అండీ'యే వాళ్ళ 'పో'. అవును అనడానికి "ఓపో", కాదు అనడానికి "హిందీ పో". నీకంటే పెద్దదైతే "ఆతె" అని పిలువు, అంటే అక్క. డ్రైవర్ "కూయా", అన్నయ్య. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: కా, కాయో. పెద్దావిడని "కుమాయిన్ నా పో బా కాయో?" అని అడుగు. తిన్నారా అండీ అని. రోజూ అడుగు.

పని చెప్పేటప్పుడు ముందు "పాకి" తగిలించు. అది 'కాస్త చేసిపెట్టండి' లాంటిది. "పాకిహుగాస్ నాంగ్ పింగ్గాన్", పళ్ళేలు కడిగిపెట్టండి. పింగ్గాన్‌కి మన పింగాణీ గుర్తుపెట్టుకో. "పాకిసరా నాంగ్ పింతో", తలుపు వెయ్యండి. అర్థం కాకపోతే నువ్వే "పాకిఉలిత్ పో" అని మళ్ళీ చెప్పించుకో.

మీరు శాకాహారులు కాబట్టి ఇది బాగా గుర్తుంచుకో: "వలాంగ్ కార్నె, వలాంగ్ ఇస్దా", మాంసం వద్దు, చేప వద్దు. అంతటితో ఆగకు. కూరగాయల్లో కూడా పాతిస్ అనే చేపల రసం, బగోఒంగ్ అనే రొయ్యల ముద్ద వేస్తారు. వాటి పేర్లు చెప్పి మరీ వలాంగ్ అనాలి. చింతపండు సంపాలోక్, వంకాయ తలోంగ్, అల్లం లూయా. మిగతావి బజారులో అవే వస్తాయి.

తప్పు జరిగితే బంధువుల ముందు ఒక్క మాట కూడా అనకు. నేను ఒకసారి అతిథుల ముందు గొంతు పెంచాను. ఆవిడ "ఓపో" అని తలొంచుకుని వెళ్ళింది, మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "పసెన్స్యా నా పో" అని నేనే వెళ్ళి అడిగాను. ఇప్పటికీ ఆ తలొంచుకోవడం గుర్తొస్తే బాధేస్తుంది.

ఇంట్లో పనిచేసేవాళ్ళని వాళ్ళు "కసంబహాయ్" అంటారు, ఇంట్లో తోడుండే మనిషని. వాళ్ళ కోసం 2013లో చట్టం వచ్చింది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు, పదమూడో నెల జీతం (ఏడాదికి ఒక నెల జీతం అదనంగా), ఇద్దరికీ అర్థమయ్యే భాషలో రాసుకున్న ఒప్పందం, ఇవన్నీ ఆవిడ హక్కులు. అడిగించుకోకుండా ఇచ్చెయ్యి.

ఆవిడది విసాయాస్ దీవులైతే ఇంటి భాష సెబువానోనో హిలిగైనోనో అయ్యుంటుంది. తగాలోగ్ ఆవిడా నేర్చుకున్నదే. ఏ ఊరని అడుగు, ఆ భాషలో 'బాగున్నారా' ఎలా అంటారో ఆవిడనే అడిగి నేర్చుకో.

ఈలోగా "కుమాయిన్ నా పో బా కాయో" పలికి వాట్సాప్‌లో వాయిస్ పంపు, విని దిద్దుతాను.

మీ పెద్దమ్మ