పూతరేకుల గురించి ఏఐని అడిగితే మీ కొట్టు పేరు రావాలంటే

చి. అమ్మడికి ఆశీస్సులు.

ఆత్రేయపురం పూతరేకులు ఎవరి దగ్గర కొనాలని చాట్‌జీపీటీని అడిగితే మీ కొట్టు పేరు రావడం లేదని బెంగపడ్డావు. వచ్చేలా చేస్తామని ఎవరో డబ్బు అడిగారన్నావు. ఇవ్వకు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. తన ఏఐ జవాబుల్లో కనిపించడానికి వేరే హంగులేమీ అక్కర్లేదని, మామూలు సెర్చ్‌కి పనికొచ్చే పేజీ చాలని గూగులే చెబుతోంది.

మీ సైట్ చూశాను. రకాలు, ధరలు అన్నీ పండగ పోస్టర్ బొమ్మలోనే ఉన్నాయి. అందంగానే ఉంది గానీ, అవే వివరాలు అక్షరాల్లో లేకపోతే ఈ యంత్రాలకి అందుతాయన్న నమ్మకం లేదు. కింద ఉన్నదేమో ‘తరతరాల రుచికి చిరునామా’ అన్న ఒక్క వాక్యం. అందులో ఎవరి ప్రశ్నకి జవాబుంది చెప్పు?

వారం రోజులు ఫోన్ పక్కన నోటుబుక్కు పెట్టుకో. బెల్లంవి ఉన్నాయా, ఎన్నాళ్లు నిలవుంటాయి, హైదరాబాద్ చేరేసరికి విరిగిపోవా, అమెరికా పంపుతారా... జనం ఎలా అడిగితే అలాగే రాసుకో. ఒక్కో ప్రశ్ననీ శీర్షికగా పెట్టి, మొదటి వాక్యంలోనే జవాబు చెప్పెయ్. వివరం తర్వాత. నిలవ సంగతి అమ్మని అడిగి, బెల్లంవి ఎన్ని రోజులో, డ్రైఫ్రూట్స్‌వి ఎన్ని రోజులో విడివిడిగా రాయి. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డతో రేకు తీసేది మీ ఇంట్లోవాళ్లే. ఆ పని దగ్గరుండి చూసి నువ్వు రాసినట్టు ఏ ఏజెన్సీ రాయగలదు?

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు, వచ్చింది కాబట్టి ఆ మాటా రాయి. అయితే మీరు అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా ఆ ముద్ర మాత్రం వాడకు.

సైట్ చేసిన కుర్రాణ్ణి ఒకటి అడుగు. సైట్‌ని ఏ బాట్లు (పేజీలు చదివే ప్రోగ్రాములు) చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్లో, చాట్‌జీపీటీ సెర్చ్ కోసం వచ్చే ఓఏఐ-సెర్చ్‌బాట్‌ని, బింగ్ సెర్చ్ కోసం వచ్చే బింగ్‌బాట్‌ని ఆపేశాడేమో చూడమను. జీపీటీబాట్ వేరు, అది ఏఐ మోడల్ శిక్షణకి పేజీలు సేకరించడానికి వచ్చేది. గూగుల్ మ్యాప్స్‌లో, సైట్‌లో, ఇన్‌స్టాలో కొట్టు పేరు, ఫోన్ నంబరు ఒకేలా ఉండాలి. దొంగ రివ్యూలు మాత్రం ఎవరు చెప్పినా రాయించకు. అమ్మ కష్టపడి తెచ్చుకున్న పేరు అది.

నెలకోసారి అవే ప్రశ్నలు అడిగి చూడు. జవాబు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, కంగారుపడకు. మీ గురించి తప్పు చెబితే ముందు ఆ సంగతి సైట్‌లో సరిగ్గా ఉందో లేదో చూసుకో.

నిలవ పేజీ రాయగానే నాకు పంపు, చదివి చెబుతాను.

మీ మావయ్య