మహాచైత్యాన్ని తెరపై కట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

అమరావతిలోని పాత బౌద్ధ స్తూపానికి, అంటే మహాచైత్యానికి, కంప్యూటర్‌లో త్రీడీ నమూనా తయారు చేయబోతున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాసిన నీ ఉత్తరం అందింది. పాత కట్టడాలను టేపుతో కొలిచి కాగితం మీద గీయడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఇప్పుడు పనిముట్లు మారాయి గాని, పాటించవలసిన నియమం మారలేదు: నీ నమూనాలోని ప్రతి రాయికీ ఒక ఆధారం ఉండాలి, ఆ ఆధారం చూసేవారికి కనబడాలి.

స్తూపం పైనుండే అర్ధగోళాకార భాగమైన అండంతో మాత్రం మొదలుపెట్టకు. అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి, కాని మనకు అతి తక్కువగా తెలిసినదీ అదే. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేనాటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి పనివాళ్లు దిబ్బను తవ్వి ఇటుకలు, రాళ్లు తీసుకుపోతున్నారు. 1816లో మెకంజీ చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేసరికి మధ్యభాగం గుంటగా మారింది. కాబట్టి అండం ఎత్తును కొలిచి చెప్పగలిగినవారు లేరు. నేల మీది కొలతలు అలా కాదు. అండానికి కింద ఉండే గుండ్రని పీఠం, అంటే మేధి, దాని వ్యాసం సుమారు 162 అడుగులు, చుట్టూ ఉన్న ప్రాకారం వ్యాసం సుమారు 192 అడుగులు. ఈ రెండు వలయాలనూ, వాటి నడుమనున్న ప్రదక్షిణ పథాన్నీ, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన ఆయక వేదికలనూ గట్టిగా నిలబెట్టిన తరువాతే పైకి వెళ్లు.

పైభాగానికి మనకున్న పెద్ద ఆధారం అక్కడి శిల్పులు స్తూపం బొమ్మనే చెక్కిన రాతి పలకలు, అంటే చైత్య ఫలకాలే. ద్వారం దగ్గరి సింహాలు, ఆయక వేదిక మీద వరుసగా నిలిచిన 5 ఆయక స్తంభాలు, అండం మీది పూలదండలు, అండం కొనన ఉండే చదరపు కంచె అయిన హర్మిక, ఛత్రాలు అన్నీ వాటిలో ఉన్నాయి. అయితే అవి స్కేలుకు గీసిన ప్లానులు కావు. భక్తుడు ఏది చూడాలని శిల్పి అనుకున్నాడో దాన్ని పెద్దది చేశాడు, మిగిలినదాన్ని ఉన్న చోటులో ఇమిడ్చాడు. ఏ అంగం ఎక్కడ ఉందన్న విషయంలో ఆ ఫలకాన్ని నమ్ము, ఎంత ఎత్తు ఉందన్న విషయంలో నమ్మకు. చోటు ఖాళీగా కనబడిందని సాంచీ తోరణాలను తెచ్చి ఇక్కడ నిలబెట్టవద్దు. అమరావతి ద్వారాల తీరు వేరు, వాటికి అలాంటి తోరణాలు లేవు.

కాలం సంగతి ఇంతకంటే చిక్కైనది. బ్రిటిష్ మ్యూజియంలో రెండు వైపులా చెక్కిన ఒక ఫలకం ఉంది. ఒక ముఖాన బోధివృక్షాన్నీ, దాని కింద ఖాళీ ఆసనాన్నీ పూజిస్తున్న భక్తులు. కొన్ని తరాల తరువాత అదే రాయిని తిప్పి, రెండో ముఖాన ఏకంగా మహాచైత్యాన్నే చెక్కారు. ఆ ఒక్క రాయికి నీ నమూనాలో రెండు కాలాలలో రెండు చోట్లు ఇవ్వాలి. అన్నిటినీ ఒకేచోట కలిపితే వచ్చేది ఏ నాడూ ఎవరూ చూడని కట్టడం. అందుకని ఒక్క స్తూపం కట్టకుండా, దశకు ఒక పొర చొప్పున విడివిడిగా కట్టు.

ఫొటోలు తీసేటప్పుడు ఒక్కో ఫొటో పక్క ఫొటోతో కనీసం మూడింట రెండు వంతులు కలిసేలా చూసుకో. ఫ్రేములో స్కేలుబద్ద తప్పనిసరి. పలనాటి సున్నపురాయి లేత రంగుది, ఎండ నేరుగా పడితే సన్నని గీతలు తెలియవు, నీడపట్టునే తీయి. చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో చాలా ఫలకాలను గోడకు పొదిగారు. వాటి వెనుక ముఖాన్నీ, మందాన్నీ ఊహించి పూరించకుండా ఖాళీగానే వదులు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కూలిపోయిన ఒక మండపానికి పైకప్పు ఇలా ఉండి ఉంటుందని తోచినట్టు గీసి, అది ఊహ అని పక్కన రాయలేదు. కొన్నేళ్లకు అదే బొమ్మ ఆ ఆవరణలోని బోర్డు మీదికి ఎక్కింది, సందర్శకులు దాన్నే నిజమని చూసి వెళ్లారు. ఆ తప్పు నాది. నువ్వు దొరికిన రాయికి ఒక రంగు, పోలికను బట్టి చేర్చినదానికి ఇంకొక రంగు, కేవలం ఊహకు మూడో రంగు వెయ్యి. ప్రతి నిర్ణయానికీ కారణం, తేదీ రాసిపెట్టు. పాత కట్టడాల కంప్యూటర్ నమూనాలకు నియమాలు చెప్పే 2009 నాటి లండన్ చార్టర్ కోరేది కూడా, తెలిసినదేదో ఊహించినదేదో చూసేవారికి స్పష్టంగా తెలియాలనే.

ఇంకొక్క మాట. అక్కడి శాసనాలలో దాతల పేర్లున్నాయి. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం, అంటే నిండు కలశం, చెక్కిన ఒక ఫలకాన్ని కుటుంబంతో కలిసి దానమిచ్చినట్లు రాయి మీదే ఉంది. అలాంటి ఫలకం మీద నొక్కగానే కొలతలతో పాటు ఆ ప్రాకృత పాఠం, దాత పేరు, తెలుగు అర్థం కూడా కనబడేలా చెయ్యి. ఆ పూర్ణఘట ఫలకంతోనే మొదలుపెట్టి, అది పూర్తికాగానే ఫైలు నాకు పంపు. కొలతలు నేను సరిచూస్తాను.

ఇట్లు,
మీ మావయ్య