ఆపరేషన్ తర్వాత బస్తాలు మోయలేకపోతే ఉద్యోగం పోతుందా?

సందేహం: గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో తొమ్మిదేళ్లుగా పర్మినెంట్ వర్కర్‌ని. ఈఎస్ఐ కటింగ్ ఉంది. 2024 నవంబరు చివర్లో సైనోవెక్టమీ చేసి, మోకాలి కీలు లోపల వాచిన పొర తీసేశారు. ఇంకా సిక్ లీవులోనే ఉన్నాను. మిర్చి సీజన్ వస్తోంది కదా, బస్తాలు మోయగలిగితే రా, లేదంటే రాజీనామా రాసిచ్చి వెళ్లు అంటున్నారు ఓనరు గారు. ఏం చేయాలి?

సమాధానం: రాజీనామా మాత్రం రాయకండి. ఖాళీ కాగితం మీద సంతకం కూడా పెట్టకండి. ఆయన తీసేస్తే కారణం ఆయనే చెప్పుకోవాలి. మీరే రాసిస్తే, బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్నంత కాలం మిమ్మల్ని తొలగించడానికి ఈఎస్ఐ నిబంధనలు ఒప్పుకోవు. సగటు రోజు జీతంలో 70 శాతం వస్తుంది గానీ, ఏడాదికి 91 రోజులే. మీకది ఫిబ్రవరి ఆఖరుకు అయిపోవచ్చు.

ఈలోగా టెన్షన్ పడి, డాక్టరును బతిమాలి 'ఫిట్' అని ఫైనల్ సర్టిఫికెట్ రాయించుకోకండి. బెనిఫిట్ ఆగిపోతుంది. మర్నాడు 40 కిలోల టిక్కీ (మిర్చి బస్తా)తో మెట్లెక్కలేక ఆగిపోతే, ఫిట్‌గా ఉండి పని ఎగ్గొట్టాడని మెమో ఇస్తారు. ఉత్త 'లైట్ వర్క్' అన్న మాటా చాలదు. ఎన్ని కిలోలు ఎత్తొచ్చు, మెట్లెక్కొచ్చా, గొంతుక్కూర్చోవచ్చా, ఎన్ని వారాలు ఇలా జాగ్రత్తపడాలి అన్నవి విడిగా రాయమనండి. ఆ కాగితం జతచేసి, కాటా దగ్గరో గేటు రిజిస్టరు దగ్గరో పని ఇవ్వమని అర్జీని రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఉన్నమాట చెప్పాలంటే, తేలిక పని ఇచ్చి తీరాలని ప్రైవేటు యజమానిని చట్టం కట్టడి చేయదు. సర్వీసులో వైకల్యం వస్తే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలనే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే. పైగా 'ఎడతెగని అనారోగ్యం' అని తీసేస్తే రిట్రెంచ్‌మెంట్ పరిహారమూ (ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే సొమ్ము) రాకపోవచ్చు. అయితే కోలుకుంటున్న మనిషికి ఆ ముద్ర వేయడం అంత తేలిక కాదు. డాక్టరు రాసిన వారాల గడువే అక్కడ మీకు ఆసరా.

తీసేస్తే ఆలస్యం చేయకుండా గుంటూరు లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టండి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు. గ్రాట్యుటీ, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన, ఎలాగూ మీకు రావాల్సిందే. దాన్ని ఎర చూపి రాజీనామా అడిగితే లొంగకండి.

ఇంకో సంగతి మీరు రాయలేదు. ఆ వాపు బస్తా జారి పడిన దెబ్బతో మొదలైందా? అలాగైతే పనిలో గాయం కింద 90 శాతం వస్తుంది, 91 రోజుల పరిమితి ఉండదు. అప్పట్లో ఓనరు ఈఎస్ఐకి యాక్సిడెంట్ రిపోర్టు పంపారో లేదో ముందు కనుక్కోండి.