సిగార్ పొగ లోపలికి పీల్చకపోతే ముప్పు లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 46. సిగరెట్ అలవాటు లేదు. వారాంతాల్లో ఒక ప్రీమియం సిగార్, దాంతో రెండు పెగ్గుల బోర్బన్ (అమెరికన్ విస్కీ) తీసుకుంటాను. పొగ లోపలికి పీల్చను. మొన్న సిగార్ సగమయ్యేసరికి చెమటలు పట్టి, కళ్లు తిరిగి వాంతయింది. నెల రోజులుగా ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ కూడా కనిపిస్తోంది. నొప్పి లేదు. చేత్తో చుట్టిన సిగార్, రసాయనాలేవీ కలపరు కాబట్టి ఏమీ కాదంటున్నారు స్నేహితులు. నిజమేనా?

సలహా: కాదు. ముందు మచ్చ సంగతి. శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. ఊడొస్తే ఫంగస్ కావచ్చు. ఊడకపోతే ల్యూకోప్లేకియాను అనుమానించాలి. ఇది క్యాన్సర్ కాదు కానీ, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. గోకొద్దు. మూడు వారాలు దాటినా తగ్గని మచ్చను, పుండును వైద్యుడు చూడాల్సిందే. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ఊడొచ్చినా సరే, ఈ వారంలోనే డెంటిస్ట్‌కో ఈఎన్‌టీ వైద్యుడికో చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. నొప్పి లేకపోవడం ధైర్యం చెప్పే విషయం కాదు, ఇలాంటివి తొలి దశలో నొప్పి పెట్టవు. మచ్చ ఎర్రగా ఉంటే ఇంకా తొందరపడాలి.

వాంతికి కారణం చాలావరకు నికోటినే. సిగార్ ఆకును ఆరబెట్టి, పులియబెడతారు కాబట్టి దాని పొగకు క్షారగుణం ఎక్కువ. అలాంటి పొగలోని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే, నోటి పొరలోంచే రక్తంలోకి దిగిపోతుంది. పైగా సిగరెట్‌లో పొగాకు గ్రాము లోపే, పెద్ద సిగార్‌లో 5 గ్రాముల పైమాటే. కాలేకొద్దీ చివరి భాగంలో పొగ ఘాటెక్కుతుంది. ఖాళీ కడుపుతో, గబగబా దమ్ములు లాగితే మీకు జరిగినట్టే జరుగుతుంది.

ఇక రసాయనాల మాట. నైట్రోసమైన్ల వంటి క్యాన్సర్ కారకాలు ఆకును పులియబెట్టేటప్పుడే పుడతాయి, మిగతావి ఆకు కాలితే వస్తాయి. ఎవరూ పనిగట్టుకుని కలపక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది సిగార్, బోర్బన్‌ల జోడీ. బోర్బన్‌ను నోట్లో తిప్పి, వెంటనే పొగను అంగిలి మీద ఆపి రుచి చూడటం ఇందులో పద్ధతి. నోటి పొరకు అంతకంటే చెడ్డ పద్ధతి లేదు. ఆల్కహాల్ ఆ పొరను వదులు చేసి పొగలోని విషాలకు దారి ఇస్తుంది, తను కూడా ఎసిటాల్డిహైడ్‌గా మారి కణాలను దెబ్బతీస్తుంది. నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు ఈ రెండూ కలిసినప్పుడు కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది. మోతాదు కూడా చూసుకోండి. 40 శాతం బోర్బన్ 60 ఎంఎల్ పెగ్గులో దాదాపు 19 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. సిగార్‌కు దీటుగా ఉంటుందని తెచ్చే 60 శాతం సీసా అయితే 28 గ్రాములు.

మచ్చ సంగతి తేలేదాకా రెండూ పూర్తిగా ఆపండి. ఆ తర్వాతా మానేయడమే నా సలహా. అంతగా మానలేకపోతే కనీసం రెండూ ఒకే పూట వద్దు. భోజనం చేశాకే, చిన్న సైజు సిగార్, చివరి మూడో వంతు వదిలేయండి. దీనివల్ల వాంతులు తగ్గుతాయి. క్యాన్సర్ ముప్పు పోదు. షుగర్ మాత్రలు, నిద్రమాత్రలు వాడుతుంటే బోర్బన్ సంగతి మీ వైద్యుడికి దాచకండి.

మీ వయసులో ఒకసారి బీపీ, ఈసీజీ చూపించుకోవడం మంచిది. మళ్లీ చెమటలు, వాంతితో పాటు ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే నికోటిన్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.