సూట్‌కేసులు మీరు మోయొద్దు

చి. స్వప్నకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

జపాన్‌కి టికెట్లు తీశావనీ, ముందు టోక్యో, తర్వాత క్యోటో చూసి ఒసాకాలో విమానం ఎక్కుతారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. భాష రాదు, అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు పెరుగన్నం లేనిదే పూట గడవదు, ఎలాగో ఏమో అని నువ్వు టెన్షన్ పడుతున్నావట. మీ అన్నయ్య అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను వెళ్తూ వస్తూ ఉన్నదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: పెద్దవాళ్లను తిప్పడానికి అంత వీలైన దేశం ఇంకోటి నేను చూడలేదు. కాకపోతే అక్కడి సౌకర్యాలేవీ వాటంతటవి నీ ముందుకు రావు. ఫలానాది ఉందని తెలిసి అడిగినవాళ్లకే పనికొస్తాయి. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగు.

ముందు సామాను సంగతి. టోక్యో నుంచి క్యోటోకి పెద్ద సూట్‌కేసులు మీతో తీసుకెళ్లకండి. అక్కడ తక్యూబిన్ అని ఇంటింటి పార్శిల్ సర్వీసు ఉంది. యమటో అనే కంపెనీ 1976లో మొదలుపెట్టింది, బండి మీద తన పిల్లను నోట కరుచుకున్న నల్లపిల్లి బొమ్మ ఉంటుంది. హోటల్ రిసెప్షన్‌లో 'తక్యూబిన్' అంటే చాలు, ఫారం వాళ్లే ఇస్తారు. క్యోటో హోటల్ అడ్రసు, ఫోన్ నంబరు, బుకింగ్ ఎవరి పేరున ఉందో ఆ పేరు, దిగే తేదీ రాయాలి. పొద్దున ఇస్తే మామూలుగా మర్నాటికి చేరుతుంది. పెట్టె సైజును బట్టి రెండు మూడు వేల యెన్‌లు అవుతుంది. వంద యెన్‌లకు సుమారు అరవై రూపాయలు వేసుకుని చూస్తే మీ నాన్న 'అంతెందుకు, నేను మోస్తానుగా' అంటాడు. వినకు. ఆ డబ్బు అమ్మ మోకాళ్ల కోసం అనుకో. పెట్టె 30 కిలోలు దాటకూడదు. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు, పాస్‌పోర్టులు, డబ్బు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. చివర్లో ఒసాకా విమానాశ్రయానికి కూడా ఇలాగే పంపొచ్చు, కానీ దానికి కనీసం రెండు రోజుల ముందు ఇవ్వాలి.

పట్టుబట్టి వెంట తీసుకెళ్లేటట్టయితే ఒకటి తెలుసుకో. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే దానికి చోటున్న సీటు ముందే బుక్ చేసుకోవాలి. చేసుకుంటే అదనపు ఖర్చు లేదు, చేసుకోకపోతే వెయ్యి యెన్‌లు కట్టాలి.

అందరూ చెప్పే జేఆర్ పాస్, అంటే ఒకసారి కొని అన్ని రోజులూ రైళ్లలో తిరిగే టూరిస్టు పాస్, మీకు అక్కర్లేదు. 2023 అక్టోబరులో దాని ధర బాగా పెంచారు, ఏడు రోజులకు 50,000 యెన్‌లు చేశారు. టోక్యో నుంచి క్యోటోకి ఒకవైపు టికెట్ 14,000 దగ్గర ఉంటుంది, మీరు మళ్లీ టోక్యో రావడమే లేదు కదా. సీట్లు తీసేటప్పుడు ముగ్గురూ పక్కపక్కన ఉండాలని ఏ, బి, సి తీయకు. ఫ్యూజీ పర్వతం కనిపించేది కుడివైపు, అంటే డి, ఈ సీట్ల వైపు. అమ్మానాన్నలకు ఆ రెండూ తీసి నువ్వు వాళ్ల వెనక కూర్చో. రైలు బయల్దేరిన ముప్పావు గంటకు, మబ్బు లేకపోతే, కిటికీ నిండా కనిపిస్తుంది.

ఊళ్లో తిరగడానికి విమానాశ్రయంలోనే ముగ్గురికీ మూడు సుయికా కార్డులు కొను, ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డులవి. మనిషికొకటి ఉండాల్సిందే, ఒక కార్డుతో ముగ్గురు వెళ్లడం కుదరదు. మనలాంటి వాళ్ల కోసం 'వెల్‌కమ్ సుయికా' అని ఉంది, డిపాజిట్ లేదు, 28 రోజులు పనిచేస్తుంది, కానీ మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వరు. కొంచెం కొంచెంగా వేసుకో. స్టేషన్ మెషీన్లలో రీచార్జి చేయడానికి నోట్లే కావాలి, అది గుర్తుపెట్టుకో. అదే కార్డు క్యోటో బస్సుల్లో, సిటీ రైళ్లలో, కూల్ డ్రింక్ మెషీన్ల దగ్గర, చిన్న షాపుల్లో కూడా నడుస్తుంది. దిగేచోట డబ్బు చాలక గేటు మూసుకుంటే కంగారుపడొద్దు, లోపలే తక్కువైనది కట్టే మెషీన్ ఉంటుంది.

స్టేషన్ పేర్లు చదవలేమని అమ్మ భయపడితే నంబర్లు చూపించు. ప్రతి స్టేషన్‌కీ లైన్ అక్షరాలు, ఒక నంబరు ఉంటాయి. టోక్యోలో యమనోతే అనే రైలు లైన్‌లో షింజుకు స్టేషన్ అంటే జేవై 17. ఆ షింజుకులో బయటికి దారులే రెండు వందలకు పైగా ఉన్నాయి, కాబట్టి ఫోన్ మ్యాప్ ఏ ఎగ్జిట్ చూపిస్తే అందులోంచే బయటపడు, ఇది దగ్గరలా ఉందని వేరే దారి పట్టకు. లిఫ్టులు దాదాపు అన్ని పెద్ద స్టేషన్లలో ఉన్నాయి కానీ ఎక్కడో మూలన ఉంటాయి. గూగుల్ మ్యాప్స్‌లో రైలు దారి వెతికేటప్పుడు వీల్‌చైర్‌కు వీలైన దారి అనే ఆప్షన్ పెట్టుకుంటే మెట్లు తప్పించుకునే దారి చూపిస్తుంది. వీల్‌చైర్ ఉన్నవాళ్లకే అనుకుని చాలామంది దాన్ని ముట్టుకోరు.

టాక్సీ ఎక్కేటప్పుడు తలుపు లాగొద్దని నాన్నకు ముందే చెప్పు. డ్రైవరే మీట నొక్కి తెరుస్తాడు, మూస్తాడు. టిప్పు ఇవ్వబోతే వెనక్కి ఇచ్చేస్తారు.

ఇక తిండి. నిజంగా ఇబ్బంది పడేది ఇక్కడే, అన్ని సౌకర్యాలున్న దేశం శాకాహారుల విషయంలో మాత్రం మొండిచెయ్యి చూపిస్తుంది. మాంసం వద్దంటే చేప పెడతారు. చేప కనిపించకపోయినా పులుసుల్లో, నూడుల్స్‌లో, మిసో సూప్‌లో దషి అనే రసం ఉంటుంది, అది ఎక్కువగా ఎండుచేపతో కాచిందే. నువ్వు తినగలవు, వాళ్లిద్దరూ తినలేరు. 'మాంసం, చేప, గుడ్డు, చేప దషి ఏవీ తినం' అని జపనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకుని చూపించు. క్యోటోలో బౌద్ధ సన్యాసుల సంప్రదాయ భోజనం షోజిన్ ర్యోరి దొరుకుతుంది, దానికి రసం సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు. ఒక పూట అది తినండి, ఖరీదైనా బాగుంటుంది.

మిగతా పూటలకు నా పద్ధతి ఇది. సెవెన్ ఎలెవెన్, లాసన్, ఫ్యామిలీమార్ట్ అని చిన్న సరుకుల షాపులు సందుకొకటి ఉంటాయి, చాలావరకు 24 గంటలూ తెరిచే ఉంటాయి. వండిన తెల్లన్నం డబ్బాల్లో దొరుకుతుంది, వేడి చేసుకోవడమే. వాళ్ల బియ్యం కాస్త జిగురుగా ఉంటుంది, అందుకే పెరుగన్నానికి భలే కుదురుతుంది. పెరుగు కొనేటప్పుడు 'ప్లెయిన్' ఏదో ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి చూడు, చిన్న కప్పుల్లో చాలావి తియ్యగా ఉంటాయి. కరివేపాకు పొడి, కందిపొడి ఇంటి నుంచి పట్టుకెళ్లు. హోటల్ గదిలో కెటిల్ ఉంటుంది కాబట్టి వేడినీళ్లు పోసుకునే ఉప్మా ప్యాకెట్లు కూడా పెట్టుకో. మన మిక్సీలు, రైస్ కుక్కర్లు మాత్రం వద్దు, అక్కడ కరెంటు 100 వోల్టులు. ఫోన్ చార్జర్లకు బెంగలేదు, రెండు బల్లపరుపు పిన్నుల అడాప్టర్ ఒకటుంటే చాలు. టోక్యోలో ఉండగా నాన్నకు ఇంటి భోజనం మీద మనసుపోతే తోజాయ్ మెట్రో లైన్‌లో నిషికసాయికి తీసుకెళ్లు, నంబరు టీ 16. 2000 ప్రాంతంలో కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. మీ అన్నయ్య ఉన్నదీ అక్కడే. ప్లాట్‌ఫారం మీదే తెలుగు వినిపిస్తుంది.

బాత్రూమ్ గురించి అమ్మ అడగడానికి మొహమాటపడుతుంది, నేనే చెబుతున్నా. మిగతా విదేశాల్లా కాగితాలతో పాట్లు లేవు. నీళ్లు చిమ్మే బటన్లున్న కమోడ్లే దాదాపు అంతటా. ఆపడానికి చదరం గుర్తున్న బటన్ నొక్కాలి, ముందు అది చూపించు, లేకపోతే కంగారుపడుతుంది. చేతులు తుడుచుకోవడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు, రుమాలు తప్పనిసరి. రోడ్డు మీద చెత్తబుట్టలు కూడా కనిపించవు, ఒక కవర్ సంచిలో ఉంచుకో.

డబ్బు విషయం తేలికే. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చెయ్యి. నగదు కావాలంటే సెవెన్ ఎలెవెన్ ఏటీఎంలలో ఇంగ్లిష్‌లో తీసుకోవచ్చు. గుడుల దగ్గర, చిన్న కొట్లలో నోట్లు, చిల్లర ఉండాల్సిందే. ఏదైనా పోగొట్టుకుంటే స్టేషన్ ఆఫీసులోనో, కోబన్ అనే చిన్న పోలీసు గదిలోనో చెప్పండి, దొరికే అవకాశం నిజంగానే ఎక్కువ. పోలీసులకు 110, అంబులెన్సుకు 119. ఇది నాన్న ఫోన్‌లో కూడా వేసి ఉంచు.

బయల్దేరే ముందే 'విజిట్ జపాన్ వెబ్' అనే జపాన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముగ్గురి వివరాలూ నింపి క్యూఆర్ కోడ్‌లు ఫోన్‌లో దాచుకో. దిగాక ఇమిగ్రేషన్‌కీ, కస్టమ్స్‌కీ అవే చూపించాలి. డాక్టర్ రాసిన మందులు ఒక నెలకు సరిపడా వరకే తీసుకెళ్లండి, చీటీ వెంట ఉంచండి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్, దగ్గు మందులో కోడీన్ ఉన్నాయేమో మందుల షాపులో అడుగు. మన దగ్గర మామూలుగా వాడేవే అక్కడ నిషేధం కిందికి రావచ్చు.

నువ్వు వెళ్తున్నావని తెలిస్తే కాలనీలో ఎవరో ఒకరు 'మావాడు టోక్యోలోనే ఉన్నాడమ్మా, ఈ కోడి పచ్చడి సీసా కాస్త ఇచ్చిరా' అంటారు. మాంసంతో చేసినది ఏదీ, పచ్చడైనా సరే, జపాన్‌లోకి రానివ్వరు. తాజా మామిడికాయలూ, కరివేపాకూ అంతే. పట్టుబడితే జవాబు చెప్పుకోవాల్సింది నువ్వు. మొహమాటం లేకుండా కుదరదని చెప్పెయ్.

ఆశీస్సులతో,
పెద్దమ్మ