మాలీ అంటే కాల్పులేనా, పాటలు కూడానా?

"పేపర్లో పశ్చిమాఫ్రికా దేశం మాలీ పేరు కనిపిస్తే సైనిక తిరుగుబాటో, కిడ్నాపో. సంగీతం గురించి రాసేవాళ్లేమో అదే దేశాన్ని ఆకాశానికెత్తేస్తారు. ఏది నమ్మాలి?" అని అడిగారు కదా, నాకు తెలిసినంత చెబుతాను. ఆంధ్రా సరిహద్దులో, ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో మాది పేపర్ ఏజెన్సీ. తెల్లవారుజామున శ్రీకాకుళం వైపు నుంచి తెలుగు పేపర్లు, ఇటు నుంచి ఒడియా పేపర్లు కట్టలు కట్టలుగా దిగుతాయి. పురికొస కోసి, మెయిన్‌లో జిల్లా పేజీలు పెట్టి మడతపెడుతుంటే హెడ్డింగులన్నీ కళ్లబడతాయి. ఇరవై ఏళ్లుగా అదే పని.

మాలీ వార్త కోసం జనం మా కొట్టుకి రావడం ఒక్కసారే చూశాను, 2025 జూలైలో. కాయెస్ ప్రాంతంలో సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ముగ్గురు భారతీయుల్ని సాయుధులు ఎత్తుకెళ్లారు. వాళ్లలో మా ఒడిశా మనిషి కూడా ఉన్నాడు. ఆ పొద్దున మా వీధి పిన్ని ఒకావిడ వచ్చి, "బాబూ, ఈ మాలీ మావాడున్న చోటికి దగ్గరా?" అని అడిగింది. చేతిలో పేపరు వణుకుతోంది. వాళ్లబ్బాయి ఉండేది టాంజానియాలో. మా పాప స్కూలు అట్లాస్ తెచ్చి చూపించాను. మాలీ పడమటి వైపు, టాంజానియా తూర్పు సముద్రం ఒడ్డున. ఆ రెండింటి మీద చెరో వేలు పెట్టి చాలాసేపు చూసింది. "ఆఫ్రికా దేశంలో కిడ్నాప్" అని చదివితే ఖండమంతా ఒకే ఊరనిపించదా? తప్పు ఆవిడది కాదు.

మా వైపు సంగతీ అంతే. కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాల పేరు పేపర్లో ఎప్పుడొస్తుంది? అవి మావంటే మావని ఆంధ్రా, ఒడిశా అధికారులు ఎదురుపడి గొడవపడ్డప్పుడే. అక్కడి సంతలు, పెళ్లిళ్లు, పాటలు ఎవరూ రాయరు. అందుకే దూరదేశం గురించి నాలుగు లైన్ల వార్త చూస్తే, అందులో రాకుండా పోయింది ఎంత ఉందో అనిపిస్తుంది నాకు.

ఇక సంగీతం. మాలీలో జెలీలని పాట వంశాలు ఉన్నాయి. మన జమీందార్ల దగ్గర భట్రాజులు వంశావళి చెప్పినట్టు వాళ్లు పెద్దింటి కథలు పాడతారు. వాళ్ల వాద్యం కోరాకి 21 తంత్రులు. దీని గురించి రాసేవాళ్లు ఎడారి, వెన్నెల, ఒంటెలు అంటూ ముచ్చటగా రాస్తారు. రాజకీయం మాత్రం వదిలేస్తారు. తువరెగ్‌లంటే సహారా ఎడారిలో తిరిగే సంచార జాతివాళ్లు. వాళ్లదే తినారివెన్ అనే బృందం. అందులో కొందరు 1990లో మాలీ ప్రభుత్వం మీద జరిగిన తిరుగుబాటులో తుపాకీ పట్టినవాళ్లు. అది తెలియకుండా వింటే వాళ్ల పాటలో బాధ ఎక్కడిదో అర్థం కాదు.

2012 చూడండి. ఫిబ్రవరిలో ఆ బృందానికి గ్రామీ అవార్డు వచ్చింది. మార్చి 22న రాజధాని బమాకోలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఉత్తరాది ఊళ్లు సాయుధ ముఠాల చేతికి పోయాయి. ఆగస్టుకల్లా ఆ ముఠాల్లోని మతఛాందసులు అక్కడ పాటనే నిషేధించారు. రేడియోల్లో సంగీతం ఆపించారు, వాద్యాలు తగలబెట్టారు. పాడేవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బమాకోకి, పక్క దేశాలకి పారిపోయారు. అలా వచ్చిపడ్డ కుర్రాళ్లు కట్టిన బృందమే సాంగోయ్ బ్లూస్. ఇది రాజకీయ వార్తా, సంగీత వార్తా? పేపర్లో వేరు వేరు పేజీలు కాబట్టి మనం రెండు ముక్కలుగా చదివాం గానీ అక్కడి మనిషికి రెండూ ఒకటే కదా.

కాబట్టి రెండూ నమ్మండి, కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదవండి. దేశం పేరు దగ్గర ఆగిపోకుండా ఊరి పేరు వెతకండి. బాగా పెద్ద దేశం అది. కాయెస్ సెనెగల్ వైపు, టింబక్టు ఎడారి అంచున.

వీలైతే మాలీ గిటార్ కళాకారుడు అలీ ఫర్కా టూరే సంగీతం వినండి. ఆయన 2004లో నియాఫుంకే అనే చిన్న ఊరికి మేయరయ్యాడు. సొంత డబ్బుతో రోడ్లు బాగుచేయించి, కరెంటు కోసం జనరేటర్ నడిపించాడు. 2006లో పోయాడు. ఆ ఊరు నైజర్ నది పక్కన, టింబక్టుకి నైరుతి దిక్కున ఉంది. 2012లో పాట ఆగిపోయిన ఊళ్లలో అదీ ఒకటి.