వరంగల్, కరీంనగర్ పోటీ మాని కలిసి ఎదగాలంటే ఉమ్మడి మాస్టర్ ప్లాన్ ఉంటే చాలా?

చాలదు. మాస్టర్ ప్లాన్‌తో మొదలుపెడితే పదేళ్లు మ్యాపులు గీసుకుంటూనే కూర్చుంటాం. వరంగల్ వైపు కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) మ్యాపు కుడా హద్దు దగ్గర, కరీంనగర్ వైపు సుడా (శాతవాహన అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) మ్యాపు సుడా హద్దు దగ్గర ఆగిపోతాయి. మొదలుపెట్టాల్సింది నీళ్లతో. అందులో ఈ రెండు ఊళ్లు ఇప్పటికే ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి, ఒప్పుకోవడమే మిగిలింది.

శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ 146వ కిలోమీటరు దగ్గర లోయర్ మానేరు డ్యామ్‌లో కలిసి, అక్కడి నుంచి మళ్లీ వరంగల్ వైపు బయల్దేరుతుంది. కరీంనగర్ తాగేది ఆ డ్యామ్ నీళ్లే. వరంగల్ ఆ కాలువ నీళ్లను ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నింపుకుంటుంది. ధర్మసాగర్‌కు దేవాదుల ఎత్తిపోతల నీళ్లూ వస్తాయనుకోండి.

లెక్క వేసి చూడండి. వరంగల్‌లో 10 లక్షల జనం అనుకుంటే, మనిషికి 135 లీటర్ల చొప్పున రోజుకు 13.5 కోట్ల లీటర్లు. పైపుల్లో 30 శాతం పోతుందనుకున్నా 19 కోట్ల పైచిలుకు. ఏడాదికి దాదాపు రెండున్నర టీఎంసీలు. డ్యామ్ సామర్థ్యం 24 టీఎంసీలు. అంటే పేచీ ఎన్ని నీళ్లన్నది కాదు, ఎప్పుడన్నది.

యాసంగి తడులు అయిపోగానే కాలువ బంద్. మే నెలలో చెరువులు అడుగంటాక తాగునీటికని మళ్లీ వదిలితే, ఎండి పగుళ్లిచ్చిన కాలువ ముందు తన దాహం తీర్చుకుంటుంది. లైనింగ్ లేచిపోయిన చోటల్లా ఇంకుతుంది, గట్ల వెంట మోటార్లు లాగుతాయి. అందుకే ఆఖరి తడి పారుతుండగానే, కాలువ ఇంకా నాని ఉన్నప్పుడే చెరువులు నింపేసుకోవాలి. ఒప్పందంలో రాయాల్సినవి మూడే: డ్యామ్‌లో ఏ మట్టం కింద సాగుకు వదలకూడదో, ఏ తేదీకల్లా చెరువులు నిండాలో, డ్యామ్ తూము దగ్గరా చెరువు ముఖం దగ్గరా నీటిమట్టం చూపే గేజీ రీడింగులు ఎవరు ఎవరికి పంపాలో. నీళ్లు దారిలో ఉండే గంటలు తీసేసి రెండు రీడింగులూ పోలిస్తే నష్టం ఎంతో తేలుతుంది. పూడిక చేరితే గేజీ అబద్ధం చెబుతుంది, కాబట్టి సీజన్‌కొకసారి ప్రవాహ వేగం కొలిచే కరెంట్ మీటర్ పెట్టి సరిచూడాలి. ఇవేవీ లేకపోతే ‘మేం వదిలినం’, ‘మాకు రాలే’ అని అనుకునుడే. ఇంకోటి, గేట్ల తాళం ఇరిగేషన్ శాఖ చేతిలో ఉంటుంది. వాళ్ల సంతకం లేకుండా ఇద్దరు మేయర్లు చేతులు కలిపితే అది ఫొటోకే పనికొస్తుంది.

అసలు వరంగల్ తనతో తానే కలిసి లేదు. ఒకే కార్పొరేషన్, ఇద్దరు కలెక్టర్లు. 2021లో హనుమకొండ, వరంగల్ జిల్లాలని పేర్లు మార్చినప్పుడు జిల్లాల గీతను నగరం మధ్యలోంచే గీశారు. జిల్లా ప్లానింగ్ కమిటీ జిల్లా దాటదు. 10 లక్షలు దాటి, ఒకటికి మించిన జిల్లాల్లో పరుచుకున్న ప్రాంతాలకూ పనికొచ్చేలా రాజ్యాంగంలో 243జెడ్‌ఈ అధికరణ ఉంది. మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ వేయాలి, అందులో కనీసం మూడింట రెండొంతుల మంది మున్సిపాలిటీల, పంచాయతీల ప్రతినిధుల నుంచి ఎన్నికైనవాళ్లు ఉండాలి. కుడా, సుడా లాంటి డెవలప్‌మెంట్ అథారిటీలు దానికి బదులు కావు. వాటిని వేసేది ప్రభుత్వం.

ఇక ఊరికో ఎయిర్‌పోర్టు గోల. వరంగల్ పక్కన మామునూరుకు 2025లో కేంద్రం ఒప్పుకుంది. అటు కరీంనగర్ వైపు, పెద్దపల్లి జిల్లాలోని బసంత్‌నగర్ అన్నారు, ఇటు నిజామాబాద్ జిల్లాలోని జక్రాన్‌పల్లి అన్నారు. చైనాలో పెర్ల్ నది డెల్టాలో ఇదే పోటీ నడిచింది. పక్కనే హాంకాంగ్, గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్ విమానాశ్రయాలుండగా జుహై 1995లో తనకంటూ పెద్దది కట్టుకుంది. ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. చివరికి 2006లో నిర్వహణకు హాంకాంగ్ వాళ్లతో ఉమ్మడి సంస్థ పెట్టుకోవాల్సి వచ్చింది.

కరీంనగర్ ఎయిర్‌పోర్టు మాట వదులుకుంటే బదులుగా ఏదో ఒకటి దక్కాలి. కరీంనగర్-వరంగల్ మధ్య 68 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డుకు 2023లో శంకుస్థాపన జరిగింది. అయితే మామునూరు నగరానికి అవతల, ఖమ్మం రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డు దిగినవాళ్లు హనుమకొండ ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఔటర్ రింగ్ మీదుగా నేరుగా టెర్మినల్‌కు చేరేలా చేయడం, ఆ ఖర్చు పెట్టుకోవడం వరంగల్ వంతు.